నెలలు నిండే రోజుల్లో బీపీ: ఇంట్లో వాడిన యంత్రం గురించి

గర్భం చివరి మూడు నెలల్లో బీపీ పెరిగిన స్త్రీ ఇంట్లో ఉండవలసిన వస్తువుల్లో, పై చేతికి పట్టీ చుట్టి కొలిచే డిజిటల్ బీపీ యంత్రానికి నేను మొదటి స్థానం ఇస్తాను. అయితే అందుకు రెండు షరతులున్నాయి. ఆ యంత్రాన్ని గర్భిణుల మీద విడిగా పరీక్షించి, వారిలో సరిగ్గా కొలుస్తోందని నిర్ధారించి ఉండాలి. అది చూపించిన అంకె ఎప్పటికప్పుడు డాక్టరుకు చేరే ఏర్పాటు ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ యంత్రం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ జరగవచ్చు. ఎనిమిదో నెలలో నాకు బీపీ పెరిగిందని తేలినప్పటి నుంచి, కాన్పు అయి బాలింతగా ఉన్న రోజుల దాకా అలాంటి యంత్రాన్నే వాడాను. ఒకే రకం యంత్రం వేర్వేరు పేర్లతో, వేర్వేరు మోడల్ నంబర్లతో అమ్ముడవుతుంది కాబట్టి నా దగ్గరున్న దాని పేరు చెప్పడం కన్నా, కొనేటప్పుడు ఏం చూడాలో, వాడేటప్పుడు దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో చెప్పడమే చదివేవారికి పనికొస్తుందని అనుకుంటున్నాను.

ముందుగా, ఇంట్లో కొలుచుకోవలసిన అవసరం ఎందుకొస్తుందో చెప్పాలి. మామూలుగా గర్భిణికి నడిమి నెలల్లో బీపీ కొంత తగ్గి, చివరి నెలల్లో మళ్లీ మెల్లగా పెరుగుతుంది. 20 వారాలు దాటాక పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే, కనీసం 4 గంటల తేడాతో రెండోసారి కొలిచినప్పుడు కూడా అలాగే ఉంటే, దాన్ని గర్భం వల్ల వచ్చిన అధిక రక్తపోటుగా లెక్కిస్తారు. ప్రతి 10 మంది గర్భిణుల్లో సుమారు ఒకరికి ఏదో ఒక రూపంలో బీపీ సమస్య ఉంటుంది. వారిలో కొందరికి అది, బీపీతో పాటు ఇతర అవయవాలు కూడా దెబ్బతినే ప్రీఎక్లాంప్సియా అనే వ్యాధిగా ముదురుతుంది. మాయకు, అంటే ప్లాసెంటాకు రక్తం అందించే నాళాలు మొదటి నెలల్లో విచ్చుకోవలసినంత విచ్చుకోకపోవడం దీనికి ఒక ముఖ్య కారణమని, ఆ మాయ నుంచి వెలువడే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయని వైద్యులు చెబుతారు. అందుకే అది బీపీతో ఆగక మూత్రపిండాలకు, కాలేయానికి, మెదడుకు, ప్లేట్‌లెట్లకు పాకుతుంది. ఇది కొన్నిసార్లు రెండు మూడు రోజుల్లోనే ముదరగలదు. వారానికో, రెండు వారాలకో ఒకసారి ఆసుపత్రిలో చూసే బీపీకి మధ్యలో ఉన్న ఆ ఖాళీ రోజుల కోసమే ఇంట్లో యంత్రం.

రెండో కారణం కూడా ఉంది. ఆసుపత్రి మెట్లెక్కి, వరసలో నిలబడి, ఆందోళనతో కుర్చీలో కూర్చున్న వెంటనే కొలిస్తే కొందరికి బీపీ ఎక్కువగా వస్తుంది. ఇంట్లో చూస్తే మామూలుగా ఉంటుంది. మరికొందరికి ఇది తిరగబడుతుంది: ఆసుపత్రిలో బాగానే ఉండి ఇంట్లో ఎక్కువ ఉంటుంది. మందు మొదలుపెట్టాలా, మోతాదు పెంచాలా అని డాక్టరు ఆలోచించేటప్పుడు ఒక్క రోజు అంకె కన్నా వారం రోజుల అంకెల వరస ఎంతో ఎక్కువ చెబుతుంది. ఇంట్లో ప్రశాంతంగా తీసిన రీడింగుల సగటు ఆసుపత్రి అంకె కన్నా కాస్త తక్కువ ఉండటం సహజం కనుక, ఆసుపత్రిలో 140/90కి బదులు ఇంట్లో 135/85నే హద్దుగా చాలామంది వైద్యులు తీసుకుంటారు. ఈ తేడా తెలియని వారు ఇంట్లో 137/87 చూసి అంతా బాగుందని అనుకునే ప్రమాదం ఉంది. యంత్రంతో వచ్చే చిన్న పుస్తకంలో ఇచ్చే రంగుల పట్టిక గర్భం లేని పెద్దవారి కోసం వేసినది. నా యంత్రం కూడా తెర పక్కన ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలతో బీపీ స్థాయిని చూపించేది. దాన్ని పట్టించుకోవద్దని మా డాక్టరు మొదటి రోజే చెప్పి, చూడవలసిన హద్దులను కాగితం మీద విడిగా రాసిచ్చారు.

యంత్రాన్ని ఎంచుకోవడంలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, చాలామంది అసలు చూడని విషయం ఇదే: గర్భిణుల మీద పరీక్షించారా లేదా. డిజిటల్ యంత్రం నర్సు స్టెతస్కోపుతో విన్నట్టు చప్పుడు వినదు. పట్టీలో గాలి నింపి, మెల్లగా వదులుతూ, నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలో పుట్టే సన్నటి కదలికలను పసిగడుతుంది. ఆ కదలికలు ఎక్కడ అత్యధికంగా ఉన్నాయో చూసి, కంపెనీ వారి సొంత లెక్క ప్రకారం పై అంకెను, కింది అంకెను కడుతుంది. ఆ లెక్కను సాధారణ ఆరోగ్యం ఉన్న పెద్దవారి మీద సరిచూసి ఉంటారు. ప్రీఎక్లాంప్సియాలో రక్తనాళాల గోడల బిగువు మారుతుంది, చేతిలో నీరు చేరుతుంది. దానితో ఆ కదలికల తీరే మారిపోయి, చాలా యంత్రాలు ఉన్న బీపీ కన్నా తక్కువ చూపిస్తాయి. అవసరం ఎంత పెరిగితే పొరపాటు అంత పెరుగుతుందన్నమాట. ఇంతకన్నా చెడ్డ లోపం బీపీ యంత్రానికి మరొకటి ఉండదు.

కాబట్టి పెట్టె మీద "వైద్యపరంగా ధ్రువీకరించబడినది" అని ఉంటే చాలదు. ఎవరి మీద ధ్రువీకరించారో చూడాలి. అంతర్జాతీయ రక్తపోటు వైద్యుల సంఘాలు కలిసి నడుపుతున్న స్ట్రైడ్ బీపీ జాబితాలో గర్భిణుల కోసం పరీక్షించిన యంత్రాలను విడిగా గుర్తించారు. మోడల్ నంబరు పెట్టి అందులో వెతకవచ్చు. ఒకే కంపెనీ నుంచి వచ్చిన రెండు మోడళ్లలో ఒకటి ఆ జాబితాలో ఉండి మరొకటి లేకపోవచ్చు, అందుచేత కంపెనీ పేరును బట్టి నమ్మకూడదు. ఆరోగ్య కేంద్రాల్లో వాడేందుకు లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు మైక్రోలైఫ్ సంస్థతో కలిసి తయారు చేసిన క్రేడిల్ అనే యంత్రం గురించి ఇక్కడ గౌరవంగా చెప్పుకోవాలి. ప్రీఎక్లాంప్సియాలో కూడా సరిగ్గా కొలుస్తుందని పరీక్షించి తెచ్చిన ఆ యంత్రం, ట్రాఫిక్ దీపాల్లాగా మూడు రంగులతో ప్రమాద స్థాయిని చూపిస్తుంది. దాని రంగులను గర్భిణుల కోసమే నిర్ణయించారు. ఇంట్లో వాడే యంత్రాలకు కూడా ఇలాంటి ఏర్పాటు రావాలని నా కోరిక.

మణికట్టుకు కట్టుకునే యంత్రాలను నేను సిఫారసు చేయను. మణికట్టు గుండెకు సమానమైన ఎత్తులో ఉండకపోతే అంకె మారిపోతుంది, చివరి నెలల్లో వాచే భాగం కూడా అదే. పట్టీ లేకుండా బీపీ చెబుతామనే గడియారాలు, ఉంగరాలు, ఫోన్ యాప్‌ల జోలికి ఈ అవసరం కోసం పోనేకూడదు. నిద్ర, నడక లెక్కలకు అవి పనికొస్తే రావచ్చు. మందు మోతాదు మార్చడానికి గానీ, ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి గానీ వాటి అంకెలకు విలువ లేదు.

ఇక పట్టీ. నా దృష్టిలో యంత్రం నాణ్యతలో సగం పట్టీలోనే ఉంది. పట్టీ లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతాన్ని చుట్టాలి. సాధారణంగా యంత్రంతో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. చివరి నెలల్లో బరువు పెరగడం వల్ల, నీరు చేరడం వల్ల చాలామందికి చేతి కొలత ఆ హద్దు దాటుతుంది. భుజానికి, మోచేతికి సరిగ్గా మధ్యలో టేపుతో కొలిచి చూసుకోవాలి. చిన్న పట్టీతో కొలిస్తే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది. 2023లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, పెద్ద పట్టీ కావలసిన వారికి మామూలు పట్టీ చుట్టినప్పుడు పై అంకె సగటున 5 పాయింట్లు, అంతకన్నా పెద్దది కావలసిన వారికి దాదాపు 20 పాయింట్లు ఎక్కువగా వచ్చింది. గర్భిణి విషయంలో 20 పాయింట్ల తేడా అంటే అవసరం లేని మందు, అవసరం లేని ఆసుపత్రి చేరిక, ఒక్కోసారి ముందుగానే కాన్పు చేయాలన్న నిర్ణయం దాకా వెళ్లే విషయం. ఐదో నెలలో సరిపోయిన పట్టీ తొమ్మిదో నెలలో సరిపోకపోవచ్చు, కనుక మధ్యలో మళ్లీ కొలవాలి. నేను కొన్న యంత్రానికి 22 నుంచి 42 సెంటీమీటర్ల దాకా పట్టే వెడల్పాటి పట్టీ రావడం నాకెంతో కలిసొచ్చింది.

ఆ పట్టీ తయారీ బాగుంది. లోపలి అంచు మీద రక్తనాళం గుర్తు చెరిగిపోని రంగుతో ఉంది. గొట్టం మోచేతి లోపలి వైపు నుంచి అరచేతి దిక్కుగా దిగేలా చుట్టాలి. మోచేతి మడతకు రెండు వేళ్ల పైన అంచు ఉండాలి, చుట్టాక లోపలికి రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. పట్టీ సరిగ్గా బిగిసిందా లేదా అన్నది తెర మీద చిన్న గుర్తుతో తెలియడం ఒంటరిగా కొలుచుకునేవారికి పెద్ద సాయం. ఒక చిక్కు మాత్రం ఉంది: పట్టీ గట్టిగా ఉండటం వల్ల ఎవరి సాయం లేకుండా ఒక్క చేత్తో చుట్టుకోవడం మొదట్లో కష్టం. టేబుల్ మీద పట్టీని ముందే గుండ్రంగా చేసి పెట్టుకుని, అందులోకి చేయి దూర్చి, తరవాత అంచు లాగితే సులువవుతుంది. బిగుతైన చేతుల బట్టను పైకి మడిచి దాని కింద పట్టీ కట్టకూడదు. ఆ మడత చేతిని నొక్కిపట్టి అంకెను చెడగొడుతుంది, కాబట్టి చేతిని పూర్తిగా బయటికి తీయడమే మంచిది.

కొలిచే పద్ధతి గురించి నాకు బాగా నేర్పినది మా ఆసుపత్రి నర్సు. యంత్రం తీసుకుని రమ్మని, వారి యంత్రంతోనూ నా యంత్రంతోనూ ఒకదాని తరవాత ఒకటి కొలిచి, రెండు అంకెలు పక్కపక్కన రాశారు. కొలుస్తుండగా నేనేదో అడగబోతే, "మాట్లాడకండమ్మా, గాలి పూర్తిగా దిగేదాకా ఆగండి" అన్నారు. మాట్లాడితే పై అంకె 10 పాయింట్ల దాకా పెరగవచ్చని తరవాత వివరించారు. మూత్రానికి వెళ్లి వచ్చి, వెన్నుకు ఆనుకునే కుర్చీలో కూర్చుని, పాదాలు రెండూ నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, చేతిని గుండె ఎత్తులో దిండు మీద పెట్టి, 5 నిమిషాలు ఊరికే ఉన్నాక మొదటి రీడింగు తీయాలి. నిమిషం ఆగి రెండోది తీయాలి. మొదటిది తరచూ కాస్త ఎక్కువ వస్తుంది. రెండూ రాయాలి, నచ్చిన దాన్ని ఒక్కటే రాసుకోకూడదు. తొలిసారి రెండు చేతులకూ చూసి, తేడా 10 పాయింట్లు దాటితే ఎక్కువ వచ్చిన చేతికే ఆ తరవాత ఎప్పుడూ కొలవాలి.

గర్భిణులకు మాత్రమే వర్తించే మాట ఒకటి యంత్రంతో వచ్చే పుస్తకంలో నాకు కనిపించలేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని చివరి నెలల్లో అందరూ చెబుతారు, అది మంచిదే. కానీ అలా పడుకుని పైకి ఉన్న కుడి చేతికి పట్టీ కట్టి కొలిస్తే, చేయి గుండె కన్నా ఎత్తులో ఉంటుంది. గుండె కన్నా ఒక సెంటీమీటరు ఎత్తుకు సుమారు 0.8 పాయింటు చొప్పున బీపీ తక్కువగా వస్తుంది. చేయి 12 సెంటీమీటర్లు పైకి ఉంటే దాదాపు 10 పాయింట్లు మాయమైనట్టే. పక్కకు తిరిగితే బీపీ తగ్గిపోయిందని ఎంతోమంది సంతోషపడతారు, నిజానికి అక్కడ తగ్గింది అంకె ఒక్కటే. వెల్లకిలా పడుకుని కొలవడమూ సరికాదు, ఎందుకంటే పెరిగిన గర్భసంచి కడుపులోని పెద్ద రక్తనాళాలను నొక్కి బీపీని పడగొట్టవచ్చు, కళ్లు తిరగవచ్చు. కూర్చుని కొలవడమే నియమంగా పెట్టుకోవాలి.

యంత్రం లోపాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టినది దాని జ్ఞాపకశక్తి ఏర్పాటు. ఇద్దరి రీడింగులు విడివిడిగా దాచుకునే వీలుంది గానీ, ఎవరిది తెరిచి ఉందో చూపించే గుర్తు మరీ చిన్నది. ఒక సాయంత్రం మా అత్తగారు తన బీపీ చూసుకున్నప్పుడు ఆ అంకెలు నా ఖాతాలో చేరాయి. యంత్రం చూపించే సగటు ఆ వారానికి పనికిరాకుండా పోయింది. అందులోంచి ఒక్క రీడింగును తీసేసే మార్గం లేదు. తీస్తే మొత్తం తీయాలి. తేదీ, సమయం బ్యాటరీలు మార్చిన ప్రతిసారీ మొదటికి వస్తాయి, సరిచేయకపోతే ఉదయం రీడింగు ఏది, రాత్రి రీడింగు ఏదో తెలియదు. తెరకు వెనక దీపం లేదు, రాత్రివేళ గదిలో పెద్ద దీపం వేయక తప్పదు. ఫోన్‌కు అంకెలు పంపే సదుపాయం ఉంది, అది ఒక్కోసారి పనిచేసేది, ఒక్కోసారి చేసేది కాదు. ఈ కారణాలన్నిటివల్లా నేను చివరికి నోటు పుస్తకాన్నే ఆశ్రయించాను: తేదీ, వేళ, రెండు రీడింగులు, నాడి, మందు ఎప్పుడు వేసుకున్నాను, తలనొప్పి వంటివి ఉన్నాయా అన్న ఒక్క వరస. డాక్టరుకు అదే ఎక్కువ ఉపయోగపడింది. పేజీ తిప్పగానే వారం మొత్తం వారి కళ్లముందు ఉండేది.

మందు వాడుతున్నవారికి యంత్రం ఉపయోగం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గర్భంలో బీపీకి ఎక్కువగా ఇచ్చేవి లబెటలాల్, నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్, మిథైల్‌డోపా. ఉబ్బసం ఉన్నవారికి లబెటలాల్ తగదు. పేరు చివర "ప్రిల్" అని గానీ, "సార్టన్" అని గానీ వచ్చే బీపీ మాత్రలు కడుపులో బిడ్డ మూత్రపిండాలకు హాని చేస్తాయి కనుక, గర్భానికి ముందు నుంచి బీపీ ఉన్నవారు పాత మాత్రలను తమంతట తాము కొనసాగించకూడదు, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. ఉదయం మాత్ర వేసుకోకముందు ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొలిస్తే మందు రోజంతా పనిచేస్తోందా అన్నది తెలుస్తుంది. తక్కువ అంకె కూడా డాక్టరుకు చెప్పవలసిందేనన్నది చాలామందికి తట్టదు. మందుల మీద ఉండగా పై అంకె 110 కన్నా, కింది అంకె 70 కన్నా తగ్గి అలాగే ఉంటే మోతాదు తగ్గించవలసి రావచ్చు, ఎందుకంటే మాయకు చేరే రక్తం కూడా ఆ ఒత్తిడి మీదే ఆధారపడి ఉంటుంది. అంకె బాగుందని మాత్ర మానేయడం, అంకె ఎక్కువుందని ఇంకో మాత్ర వేసుకోవడం రెండూ ప్రమాదమే.

ఉప్పు పూర్తిగా మానేస్తే, మంచం దిగకుండా ఉంటే ఈ బీపీ తగ్గుతుందన్న నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే, ప్రీఎక్లాంప్సియాను నివారించడానికి ఉప్పు తగ్గించమనిగానీ ఇంట్లో విశ్రాంతిగా పడుకోమనిగానీ సలహా ఇవ్వవద్దని చెప్పింది. రోజంతా పడుకుని ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. తక్కువ మోతాదు ఆస్పిరిన్ వల్ల నిజంగానే ప్రయోజనం ఉంది గానీ, దాన్ని మొదలుపెట్టవలసిన కాలం 12 నుంచి 16 వారాల మధ్య. చివరి నెలల్లో బీపీ పెరిగాక దాన్ని సొంతంగా వేసుకోవడం వల్ల ఆ ప్రయోజనం రాదు.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచిన మాట. ఈ యంత్రం ఒత్తిడిని కొలుస్తుంది, ప్రీఎక్లాంప్సియాను కాదు. మూత్రంలో ప్రొటీన్ పోతోందో లేదో, ప్లేట్‌లెట్లు లక్ష కన్నా తగ్గాయో లేదో, కాలేయం ఎంజైములు పెరిగాయో లేదో, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎంతుందో, బిడ్డ ఎదుగుదల ఎలా ఉందో అది చెప్పలేదు. అందుచేత తెర మీద 128/82 కనిపించినా, ఎంతకీ తగ్గని తలనొప్పి ఉంటే, కళ్ల ముందు మెరుపులు, మసకలు కనిపిస్తే, రొమ్ము ఎముక కింద గానీ కుడి వైపు పక్కటెముకల కింద గానీ నొప్పి వస్తే, ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బితే, ఆయాసం వస్తే, బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే ఆసుపత్రికి బయలుదేరాలి. పాదాల వాపు ఒక్కటే ఉంటే అది చివరి నెలల్లో చాలామందికి ఉండేదే. కుడి పక్కటెముకల కింది నొప్పిని గ్యాస్ అనుకుని రాత్రంతా ఓర్చుకోవడం ముఖ్యంగా ప్రమాదకరం. కాలేయం దెబ్బతింటూ ప్లేట్‌లెట్లు పడిపోయే హెల్ప్ సిండ్రోమ్ తరచూ ఆ నొప్పితోనే బయటపడుతుంది. అలాంటప్పుడు "బీపీ బాగానే ఉంది కదా" అని యంత్రం వైపు చూపించి ఇంట్లో ఆపేవారి మాట వినకూడదు.

అంకె విషయానికొస్తే, పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ వస్తే 15 నిమిషాల్లోగా మళ్లీ చూసి, అలాగే ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు కూడా ఉంటే రెండోసారి చూడటానికి సైతం ఆగనవసరం లేదు. మెదడులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉన్న స్థాయి అది, గంటలోపే మందుతో దించాలని వైద్యులు చూస్తారు. అక్కడితో ఇంటి యంత్రం పని అయిపోయింది. గుర్రపువాతం, అంటే ఎక్లాంప్సియా ఫిట్స్ రాకుండా ఆసుపత్రిలో ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మందు ఆ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో సుమారు 10,000 మందిపై జరిగి 2002లో వెలువడిన మ్యాగ్‌పై అధ్యయనం తేల్చింది. ఇంట్లో ఎంత మంచి యంత్రం ఉన్నా, సమయానికి ఆ మందు ఇవ్వగల చోటుకు చేరడమే ప్రాణం కాపాడుతుంది. వాహనం ఎవరు తెస్తారు, అర్ధరాత్రి అయితే ఏ ఆసుపత్రికి వెళ్లాలి అన్నవి యంత్రం కొన్న రోజే మాట్లాడుకుని ఉంచుకోవాలి.

ఇంట్లో కొలుచుకోవడం వల్ల వ్యాధి ముందుగా దొరుకుతుందా అన్న ప్రశ్నను పరిశోధకులు సూటిగా పరీక్షించారు. ఇంగ్లండులో జరిగి 2022లో వెలువడిన బంప్ అధ్యయనాల్లో, ప్రమాదం ఎక్కువగా ఉన్న గర్భిణులు ఇంట్లో కొలుచుకున్నా, మామూలుగా ఆసుపత్రిలోనే చూపించుకున్నా, బీపీ పెరిగిందని ఆసుపత్రిలో గుర్తించిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అప్పటికే బీపీ ఉన్నవారిలో అదుపు కూడా అంతగా మెరుగుపడలేదు. ఈ ఫలితాన్ని దాచి యంత్రాన్ని పొగడటం నాకు ఇష్టం లేదు. అంకెలు ఇంట్లోనే మిగిలిపోతే వాటివల్ల చికిత్స మారదని నేను దీన్ని అర్థం చేసుకున్నాను. నాకు మేలు జరగడానికి కారణం, 135/85 దాటితే అదే రోజు ఫోన్ చేయమని, 150/100 దాటితే వచ్చేయమని, 160/110 అయితే ఎవరి అనుమతీ అడగకుండా బయలుదేరమని డాక్టరు ముందే రాసివ్వడం, ఆ ఫోన్ ఎత్తే మనిషి ఉండటం. యంత్రం కొన్నవారు అలాంటి కాగితాన్ని తమ డాక్టరు దగ్గర అడిగి రాయించుకోవాలి. అందులోని హద్దులు మనిషిని బట్టి మారతాయి, నావి మరొకరికి సరిపోకపోవచ్చు.

ఈ అంకెలు, రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ కలిపి చివరికి తేల్చవలసిన ప్రశ్న, కాన్పు ఎప్పుడు చేయాలన్నది. మాయ బయటికి వచ్చేదాకా ఈ వ్యాధి పూర్తిగా విడవదు. తీవ్ర లక్షణాలు లేని ప్రీఎక్లాంప్సియాలో 37 వారాలు నిండాక కాన్పు చేయడమే తల్లికి మేలని నెదర్లాండ్స్‌లో జరిగిన హైపిటాట్ అధ్యయనం 2009లో చూపించింది. తీవ్రమైతే 34 వారాలకే, ఒక్కోసారి అంతకన్నా ముందే నిర్ణయం తీసుకోవలసి వస్తుంది. నాకు 37 వారాలకు నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. అప్పటిదాకా ఆగడానికి డాక్టరుకు ధైర్యం ఇచ్చినవాటిలో నా నోటు పుస్తకం కూడా ఒకటని వారే చెప్పారు.

కాన్పు కాగానే యంత్రాన్ని పెట్టెలో పెట్టేయకూడదు. కాన్పు తరవాత 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ మళ్లీ పెరిగి అత్యధిక స్థాయికి చేరుతుంది, సరిగ్గా అప్పటికే చాలామంది ఇల్లు చేరి ఉంటారు. అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. తల్లి తలనొప్పిని నిద్రలేమి ఖాతాలో వేస్తారు. ఫిట్స్ కాన్పు తరవాత కూడా రావచ్చు, కొద్దిమందిలో కొన్ని వారాల తరవాత కూడా. బీపీ ఉన్న బాలింతకు 72 గంటల్లోపు ఒకసారి, మళ్లీ 7 నుంచి 10 రోజుల మధ్య ఒకసారి బీపీ చూడాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతుంది. ఈ దశలో యంత్రం ప్రయోజనానికి బలమైన ఆధారమే ఉంది: ఆక్స్‌ఫర్డ్‌లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, ఇంట్లో కొలుచుకుంటూ వైద్యుల సూచనతో మందు సర్దుకున్న బాలింతలకు 9 నెలల తరవాత కింది అంకె సగటున దాదాపు 6 పాయింట్లు తక్కువగా ఉంది. గర్భంలో వద్దన్న ఎనలాప్రిల్ వంటి మందులు కూడా పాలిచ్చే తల్లికి ఇవ్వవచ్చు, కనుక మందుల జాబితా మారుతుంది. మిథైల్‌డోపా వాడినవారికి కాన్పు అయిన రెండు రోజుల్లో దాన్ని మార్చడం మంచిదంటారు, అది మనసును కుంగదీసే అవకాశం ఉండటం వల్ల. ఒక చేతిలో బిడ్డ ఉండగా 5 నిమిషాలు కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. బిడ్డను మరొకరికి ఇచ్చి ఆ 5 నిమిషాలు తల్లికి దొరికేలా చూడటం ఇంట్లో వారి బాధ్యత.

బీపీ ఎప్పుడూ మామూలుగా ఉండి, వేరే ప్రమాద కారణాలేవీ లేని గర్భిణి ఈ యంత్రం కొనవలసిన అవసరం నాకు కనిపించదు, క్రమం తప్పకుండా ఆసుపత్రిలో చూపించుకుంటే చాలు. గర్భానికి ముందు నుంచి బీపీ, మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, గత కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చినవారికి, కవలలను మోస్తున్నవారికి, ఇప్పటికే అంకె హద్దు దగ్గర ఆడుతున్నవారికి మాత్రం తప్పకుండా సిఫారసు చేస్తాను. కొలిచిన కొద్దీ భయం పెరిగి, మళ్లీ మళ్లీ కొలిచి, ఆ భయంతోనే అంకె ఇంకా పెరిగే స్వభావం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పి, రోజుకు ఎన్నిసార్లు చూడాలో నిర్ణయించుకుని అంతకు మించి పట్టీ కట్టకూడదు. కొన్ని ఆసుపత్రులు గర్భిణులకు యంత్రాన్ని ఇంటికి ఇచ్చి, కాన్పు తరవాత తిరిగి తీసుకుంటాయి. అలాంటి వీలుంటే కొనడం కన్నా అదే తీసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ యంత్రం సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే బాధ్యత, అందులోని అంకెలను చదివే బాధ్యత రెండూ వారి మీదే ఉంటాయి.